ఆ పాటల ప్లేట్లను తూకానికి వేయకండి

ఉమ్మడి కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో గ్రంథాలయ, సాంస్కృతిక, రేడియో విభాగాల అధికారులకు, పాత రికార్డులూ టేపులూ తమ బీరువాల్లో ఉన్న ప్రతి సంస్థ బాధ్యులకు,

నమస్కారం.

మేము రికార్డు ప్లేయర్లు, స్పూలు టేపు రికార్డర్లు బాగుచేసేవాళ్లం, మైకుసెట్టు పని తెలిసినవాళ్లం, పాత సినిమా పాటల రికార్డులను జాగ్రత్త చేస్తున్నవాళ్లం. ఒక ప్రభుత్వ సంస్థ సామాను గదిలో ఉన్న 1970-74 నాటి రికార్డులను, టేపులను 'పనికిరాని వస్తువుల' జాబితాలోకి ఎక్కించారని తెలిసి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. అందినట్టు ముద్ర వేశారు. జవాబు రాలేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది ఆ ఒక్కచోటి సంగతి కాదు. కొత్త జిల్లాలు ఏర్పడి కార్యాలయాలు సర్దుకుంటున్న రోజుల్లో ఏ సామాను గది తాళం తీసినా మొదట బయటికి వెళ్లేవి ఇవే. విరిగిన కుర్చీలతో, తుప్పు పట్టిన ఫ్యాన్లతో కలిపి పాటను కిలోల లెక్కన వేలం వేసే పద్ధతి ఆగాలి. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం.

ఆ అయిదేళ్లకు ఇంత పట్టు ఎందుకని అడగవచ్చు. 1970లో ఘంటసాలకు పద్మశ్రీ వచ్చింది. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. ఈ రెంటి నడుమ తెలుగు సినిమా పాట ఒక తరం గొంతు నుంచి ఇంకో తరం గొంతుకు మారింది. 1966లో కోదండపాణి పరిచయం చేసిన బాలసుబ్రహ్మణ్యం నిలదొక్కుకున్నది అప్పుడే. రామకృష్ణ వచ్చిందీ అప్పుడే. సుశీల, జానకి, ఎల్.ఆర్.ఈశ్వరి ఎవరి దారిలో వాళ్లు పాడుతున్నారు. మహదేవన్ ముందు సాహిత్యం చేతికి తీసుకుని, తర్వాత బాణీ కట్టేవారు. ఆయన పాటల్లో ఆత్రేయ మాట ఎక్కడా నలగకపోవడానికి కారణం అదే. సాలూరు రాజేశ్వరరావు, సత్యం, రమేశ్ నాయుడు ఒకవైపు. దాశరథి, సినారె, ఆరుద్ర, కొసరాజు, దేవులపల్లి మరోవైపు. వీళ్లందరూ ఒకే కాలంలో పనిచేశారు. 1974 నాటి అల్లూరి చిత్రంలోని పాటకు శ్రీశ్రీ జాతీయ పురస్కారం అందుకున్నారు. ఇంతమంది ఇంత దగ్గరగా పనిచేసిన కాలం మళ్లీ రాలేదని మా గట్టి నమ్మకం.

మన సీమకు ఇందులో వాటా లేదనుకోకండి. కడప జిల్లాలో పుట్టిన నాగిరెడ్డి నడిపిన విజయా-వాహినీ స్టూడియోలు మద్రాసులో ఈ పరిశ్రమకు ఒక ఆధారం. ఆయన అన్న బి.ఎన్.రెడ్డికి ఫాల్కే పురస్కారం వచ్చింది 1974 సంవత్సరానికే. ఇక వినడమంటారా, జాతరలోనో పెళ్లిలోనో వేపచెట్టుకు కట్టిన గంట మైకులోంచి ఊరంతా కలిసి విన్న పాటలివి.

అదే కాలంలో పాట ఎక్కే ప్లేటు కూడా మారింది. నిమిషానికి 78 సార్లు తిరిగే లక్క రికార్డు మన దేశంలో 1970 ప్రాంతానికి వెనకబడిపోయింది. దాని చోటులోకి 45 వేగంతో తిరిగే ఏడంగుళాల ఈపీ, 33⅓ వేగంతో తిరిగే పన్నెండంగుళాల ఎల్పీ వచ్చాయి. పది అంగుళాల లక్క రికార్డుకు ఒక వైపు పట్టేది మూడున్నర నిమిషాల లోపే. ఈపీ రెండు వైపులా కలిపి నాలుగు పాటలు పట్టేవి. ఈ కొలతలు గుర్తుంచుకోండి. కింద చెప్పబోయేదంతా వీటి మీదే ఆధారపడి ఉంది.

'ఇప్పుడు అన్నీ ఫోనులో ఉన్నాయి కదా' అని మా అర్జీ తీసుకున్న చోట నోటిమాటగా అన్నారు. నిజానికి అన్నీ లేవు. ఉన్నవాటిలో కూడా చాలావరకు ఆనాటి పాటలు ఉన్నవి ఉన్నట్టుగా లేవు. సినిమా కోసం పాడిన పాట వేరు, రికార్డు కోసం కుదించిన పాట వేరు. ప్లేటు మీద చోటు చాలక ఒక చరణమో, ముందుండే ఆలాపనో, మధ్యలోని వాద్య సంగీతమో తీసేసేవారు. మరికొన్నిసార్లు సినిమా ప్రింటులో కోతపడిన చరణం రికార్డు మీద మాత్రం మిగిలింది. ఫోనులో దొరికేది ఈ రెంటిలో ఏదో ఎవరికీ తెలియదు. ఆపైన మోనోలో రికార్డయిన పాటకు తర్వాత కృత్రిమంగా ప్రతిధ్వని కలిపి 'స్టీరియో' చేస్తారు, గీతల చప్పుడు తీసేస్తూ దానితోపాటే తాళపు మొన కూడా తీసేస్తారు. తబలా మీద వేలు పడిన తొలి క్షణం మొద్దుబారిపోతుంది. ఆనాడు గాయకుడూ వాద్యబృందమూ ఒకే హాలులో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపులో పాడి వాయించిన పాటలవి. ఆ హాలు గాలి కూడా పాటలో భాగమే.

రేడియో టేపుల సంగతి ఇంకా ముఖ్యం. కడప ఆకాశవాణి 1963లో మొదలైంది. రేడియోలో మన ప్రాంతపు గొంతులు పాడిన లలిత గీతాలు, పద్యాలు, జానపదాలు ఏ కంపెనీ ప్లేటు మీదా రాలేదు. ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు కాబట్టి పాతది చెరిపి కొత్తది ఎక్కించడం రేడియోలో మామూలే. అందువల్ల మిగిలిన ప్రతి స్పూలూ దానికదే ఏకైక ప్రతి. అది పోతే ఫోనులో వెతకడానికి కూడా ఏమీ ఉండదు.

ఇవి పోతే నష్టపోయేది ఎవరో చెబుతాం.

1. పద్య నాటకాలు నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు. హార్మోనియం గురువు దగ్గరికి వెళ్లే స్తోమత లేని పల్లె పిల్లలు విని నేర్చుకుంటారు. ప్లేటు మీది పాటను కంప్యూటరులోకి తప్పు వేగంతో ఎక్కిస్తే శ్రుతే మారిపోతుంది. వేగం నూటికి ఆరు పాళ్లు పెరిగితే ఒకటో శ్రుతి పాట ఒకటిన్నరలో వినిపిస్తుంది. పట్టీ సాగిన ప్లేయరు మీద ఎక్కించిన పాటలు ఇలా ఎన్నో చలామణీలో ఉన్నాయి. పిల్లవాడు గొంతు చించుకుంటున్నాడంటే తప్పు వాడిది కాదు.

2. చూపు లేనివాళ్లు, మంచం పట్టిన పెద్దలు. వాళ్లకు పాటే కాలక్షేపం, పాటే జ్ఞాపకం.

3. మైకుసెట్టు కుటుంబాలు. ఒకప్పుడు ఈపీల పెట్టె ఉంటే ఇల్లు గడిచింది. ఇప్పుడు ఆ పెట్టెలు అటక మీద ఉన్నాయి. ప్రభుత్వమే తన రికార్డులను తూకానికి అమ్మితే వాళ్లూ అదే చేస్తారు. తుక్కు వ్యాపారికి లక్క రికార్డు మీద వచ్చేది ఏమీ లేదు. అది కరిగించి అమ్మే ప్లాస్టిక్కు కూడా కాదు, చెత్తలో ముక్కలవుతుంది.

4. పేరు దక్కని కళాకారుల కుటుంబాలు. జంట పాటలో రెండో గొంతు ఎవరిదో, రాసిన కవి ఎవరో ప్లేటు మధ్యలోని కాగితం మీద, సినిమా హాళ్లలో అమ్మిన పాటల పుస్తకంలో అచ్చయి ఉంటుంది. మూలం లేకపోతే తప్పు పేరే స్థిరపడిపోతుంది. ఇప్పటికే ఒక కవి పాట ఇంకొకరి ఖాతాలో తిరుగుతోంది, సరిదిద్దడానికి ఈ కాగితాలే సాక్ష్యం.

ఇక ఇవి ఎలా పాడవుతున్నాయో కూడా తెలియాలి. ఎందుకంటే కొన్నిచోట్ల శ్రద్ధ ఉండీ చేతులారా పాడుచేస్తున్నారు.

కోస్తాలో ఉన్న తేమ మనకు లేదు. బూజు బెడద తక్కువ. ఆ మేరకు మన ఊళ్లు రికార్డులకు మంచివే. మనకు శత్రువులు ఎండ, దుమ్ము. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో రేకుల షెడ్డు లోపల వేడి ఇంకా ఎక్కువ. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టిన వినైలు ప్లేట్లు, అంటే ఈపీలు, ఎల్పీలు, ఆ వేడికి, పైబరువుకు వంగిపోతాయి. ఒకసారి వంగిన ప్లేటును బండ కింద పెట్టి సరిచేయాలని చూస్తే గాడి చెడుతుంది. రికార్డులు నిటారుగా నిలబడాలి, పక్కకు వాలకూడదు. ఒక అడుగు పొడవున పేర్చిన ఎల్పీలు 15 కిలోలు దాటతాయి, లక్క రికార్డులయితే 20 కిలోల పైమాటే. పల్చటి ఇనుప అరలు ఆ బరువుకు కుంగుతాయి. మన కడప బండ అరలు దీనికి చక్కగా సరిపోతాయి, ప్రతి అరడుగుకు ఒక అడ్డు నిలబెడితే చాలు. మెత్తటి ప్లాస్టిక్కు కవర్లు తీసేయాలి. వేడికి అవి రికార్డుకు అంటుకుని పొగమంచు లాంటి మచ్చ వదులుతాయి, అది ఇక పోదు.

లక్క రికార్డులో లక్క మూడో వంతో అంతకన్నా తక్కువో ఉంటుంది, తక్కినది రాతిపొడి, మసి. కింద పడితే పగులుతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, శుభ్రం చేద్దామని స్పిరిటుతో తుడవడం. స్పిరిటుకు లక్క కరుగుతుంది. ఒక్క తుడుపుతో పాట పోతుంది. దీనికి మెత్తటి కుంచె, తడి పిండేసిన గుడ్డ చాలు. వినైలుకయితే లీటరు డిస్టిల్డు వాటరులో వాసన లేని సబ్బుద్రావణం నాలుగయిదు చుక్కలు కలిపి, గాడి తిరిగిన దారినే తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డు నీళ్లతో కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. మధ్య కాగితం తడవకూడదు. కుళాయి నీళ్లు వద్దు, మన బోర్ల నీళ్లలోని సున్నం గాడిలో గడ్డకడుతుంది.

ముల్లు విషయంలో జరిగే తప్పు ఇంకొకటి. 78 రికార్డుకు ముల్లు మొన 65 నుంచి 75 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి. మోనో ఎల్పీకి 25, స్టీరియోకు 18 చాలు. లక్క రికార్డు మీద సన్న ముల్లు పెడితే గాడి అడుగున దుమ్ములో దొర్లుతూ సొద పెడుతుంది. వినైలు మీద లావు ముల్లు పెడితే గాడి గోడలను చెక్కేస్తుంది. పాత మైకుసెట్టు ప్లేయర్లలో ముల్లు బిగించే క్రిస్టల్ కాట్రిడ్జిలను ఈ పనికి వాడవద్దు. బరువు ఎక్కువ, పైగా అందులోని ఉప్పు స్ఫటికం మన ఎండలకు చాలా వరకు చచ్చిపోయి ఉంటుంది.

టేపులు చేతికి తీసుకునే ముందు ఒక పరీక్ష చేయండి. స్పూలును పక్కనుంచి వెలుతురుకు ఎత్తి చూడండి. వెలుతురు చుట్టల గుండా కనిపిస్తే అది అసిటేటు రకం టేపు, కనిపించకపోతే పాలియెస్టరు రకం. అసిటేటు పాడవుతుంటే వెనిగరు వాసన వేస్తుంది. అలాంటివి విడిగా, గాలి ఆడేచోట పెట్టి ముందుగా వాటినే కంప్యూటరులోకి ఎక్కించాలి. ఎందుకంటే ఆ ఆవిరి పక్క టేపులకూ పాకుతుంది. ఆడిస్తుంటే కీచుమని అరిచి, టేపును చదివే హెడ్డు మీద గోధుమరంగు జిగురు వదిలితే అది పాలియెస్టరు టేపులోని అతుకు పదార్థం తేమ పట్టి చెడిందని గుర్తు. వెంటనే ఆపండి. దాన్ని 50 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటల పాటు సమంగా వెచ్చబెడితే కొద్దిరోజులు ఆడుతుంది. అదే పని అసిటేటుకు చేస్తే టేపు చచ్చిపోతుంది. తేడా తెలియనివాళ్లు ముట్టుకోకపోవడమే మేలు. ఆఖరుగా, స్పూళ్లు కరెంటు మోటార్ల పక్కన, స్పీకర్ల పక్కన ఉండకూడదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. కింది అంతస్తులో ఏది ఉన్నా దానికి పూచీ లేదు. ఎండ తగిలే పై మిద్దె కూడా పనికిరాదు. పైన ఇంకో అంతస్తు ఉన్న మొదటి అంతస్తు గది సరైనది.

ఇప్పుడు మేము కోరేవి.

1. రికార్డులు, టేపులు, పాటల పుస్తకాలు ఉన్న ఏ జాబితానూ వేలానికి పంపవద్దని మూడు ఉమ్మడి జిల్లాల్లోనూ వెంటనే రాతపూర్వకంగా ఆదేశించండి. ఇప్పటికే 'పనికిరానివి' అని రాసిన వాటిని ఆ జాబితా నుంచి కొట్టేయండి.

2. 60 రోజుల్లో లెక్క తీయండి. ప్రతి ప్లేటుకు: వేగం, పరిమాణం, కంపెనీ, కాగితం మీది సంఖ్య, పాటలు, పాడినవారు, రాసినవారు, స్వరపరిచినవారు, స్థితి. పాట అయిపోయాక మధ్యలో మిగిలే నున్నటి భాగంలో చెక్కిన అంకెలను కూడా ఎక్కించాలి. ఒకే పాట వేర్వేరు ముద్రణలను అవే పట్టిస్తాయి. టేపుకయితే స్పూలు పరిమాణం, వేగం, పెట్టె మీది రాత. ఏడంగుళాల స్పూలులో 1200 అడుగుల టేపు ఉంటే, సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో 32 నిమిషాలు వస్తుంది. ఇది తెలిస్తే ఎన్ని గంటల పని ఉందో అక్కడికక్కడే లెక్క కట్టవచ్చు.

3. జిల్లాకు ఒక గది ఇవ్వండి. 25 డిగ్రీలు దాటకూడదు, అంతకన్నా ముఖ్యం హెచ్చుతగ్గులు ఉండకూడదు. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గది, అసలు ఏసీ లేని చల్లటి మట్టిగోడల గది కన్నా అన్యాయం.

4. మూడు జిల్లాలకూ కలిపి ఒకచోట, పాటలను కంప్యూటరులోకి ఎక్కించే ఏర్పాటు చేయండి. కావలసినవి: మూడు వేగాలూ సరిచేసుకోగల ఒక ప్లేయరు, మూడు రకాల ముళ్లు, బాగుచేసిన ఒక స్పూలు యంత్రం, ఒక మంచి ధ్వని కార్డు, కంప్యూటరు. వేగం చూడటానికి 50 హెర్ట్జ్ దీపం కింద 180 గీతల స్ట్రోబు అట్ట పెడితే 33⅓ దగ్గర గీతలు నిలబడిపోతాయి. 45కు 133 గీతలు, 78కి 77. వినైలుకు 1954 నాటి ఆర్ఐఏఏ సవరణ (ముద్రణలో తగ్గించిన మంద్రాన్ని, పెంచిన తారాన్ని తిరిగి సరిచేసే లెక్క) వాడాలి, లక్క రికార్డుకు ఆ సవరణ వాడకూడదు. ఎక్కించే ఫైలు నాణ్యత 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, రకం వేవ్ ఫైలు ఉండాలి. మూల ఫైలు మీద గీతల చప్పుడు తీసే పని ఏదీ చేయవద్దు. అది వినిపించే ప్రతి మీద తర్వాత చేసుకోవచ్చు. ఖర్చుకు భయపడవద్దు. నిమిషానికి దాదాపు 35 మెగాబైట్లు. పదమూడు నిమిషాల ఈపీ 450 మెగాబైట్లు. వెయ్యి ఈపీలు ఒక టెరాబైటు డిస్కులో సగం నింపవు. ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, అందులో ఒకటి వేరే ఊళ్లో. కడగడం, ఎక్కించడం, రాసుకోవడం కలిపి మా అంచనాలో ఒక మనిషి రోజుకు పది ఈపీలు లేదా నాలుగు ఎల్పీలు చేయగలడు.

5. 'కాపీరైటు ఉంది, ముట్టుకోకూడదు' అనే జవాబు ఇవ్వకండి. 1957 కాపీరైటు చట్టం 52(1)(ఎన్) ప్రకారం లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర ఉన్న ప్రతిని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో నిలవ చేసుకోవచ్చు. 2012 సవరణతో వచ్చిన అవకాశం ఇది. అందుకే ఈ రికార్డులు గ్రంథాలయాల స్టాకు పుస్తకంలోకి ఎక్కాలని అడుగుతున్నాం. ఇంకో మాట. ధ్వని ముద్రణ మీద హక్కు విడుదలయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1970లో వచ్చిన రికార్డు మీద ఆ హక్కు 2030 చివరికి, 1971ది 2031 చివరికి తీరుతుంది. సాహిత్యం హక్కు వేరు. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి ఆయన రాసినవాటికి 2043 చివరి దాకా ఉంటుంది. చట్టం తలుపు తీసే రోజుకు లోపల ప్లేటు ఉండాలి కదా.

6. పాటల పుస్తకాలను రికార్డులతో కలిపే ఉంచండి. ఇనుప పిన్నులు తీసేసి నూలుతో కుట్టండి. తుప్పు ముందు పిన్ను చుట్టూ కాగితాన్ని తినేస్తుంది. స్కాను చేశాకే ఎవరికైనా చూడటానికి ఇవ్వండి.

7. ఐటీఐల్లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలను ఈ పనిలోకి తీసుకుని భత్యం ఇవ్వండి. స్పూలు యంత్రం హెడ్డు కోణం సరిచేయడం, గట్టిపడిన రబ్బరు చక్రం మార్చడం తెలిసిన చేతులు మన మూడు జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లంతా వయసు మీరినవాళ్లు. నేర్పడానికి సిద్ధంగా ఉన్నారు, డబ్బు అడగడం లేదు.

8. ఈ లేఖకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాయండి. గది లేదంటే గది మేము వెతుకుతాం. మనుషులు లేరంటే మొదటి మూడు నెలలు మేము వచ్చి చేస్తాం. జాబితా తీయడానికి అనుమతి ఒక్కటి ఇచ్చినా రేపే మొదలుపెడతాం. కుంచెలు, డిస్టిల్డు నీళ్లు, స్ట్రోబు అట్ట మా దగ్గరే ఉన్నాయి.

మేము ఇచ్చిన మూడు అర్జీల ముద్ర వేసిన ప్రతులు ఈ లేఖకు జతచేశాం.

ఇట్లు,
పాత రికార్డులు, టేపులు బాగుచేసే పనివాళ్లం, సేకర్తలం
కడప